ఈతా, ఖర్జూరమా, కేనరీయా? మీ ప్రశ్నలకు జవాబులు

ముందు నా తప్పు సంగతి చెప్పేసి మిగతా ఉత్తరాల్లోకి వెళ్తాను. పోయిన సంచికలో ఒక పాఠకురాలు పంపిన ఫోటో చూసి "ఇది కేనరీ ఖర్జూరం, అనుమానమే లేదు" అని రాసేశాను. ఆవిడ మళ్లీ రాశారు.

ప్రశ్న: సార్, కేనరీ ఖర్జూరానికి పిలకలు రావని అదే పేజీలో మీరే రాశారు. మొన్న మా చెట్టు మొదట్లో గడ్డి కోస్తుంటే రెండు పిలకలు బయటపడ్డాయి. ఇప్పుడు నేను ఏమనుకోవాలి?

జవాబు: నా జవాబు తప్పని అనుకోవాలండి. ఫోటోలో గుబురు నిండుగా, మాను లావుగా కనిపించేసరికి నా కన్ను అక్కడే ఆగిపోయింది. మొదలు దగ్గర గడ్డి మోకాలెత్తు ఉందనీ, అంటే చూడాల్సిన చోటే నేను చూడలేదనీ మీ ఉత్తరం చదివాక ఆ ఫోటో మళ్లీ తీసి చూస్తే గానీ తెలియలేదు. కేనరీది ఒంటి మాను, పిలక పెట్టదు. పండ్ల కోసం పెంచే అసలు ఖర్జూరం చిన్న వయసులో పిలకలు పెడుతుంది. కాబట్టి మీది అసలు ఖర్జూరమైనా కావాలి, లేదా ఆ రెంటికీ పుట్టిన సంకరమైనా కావాలి. మాను అంత లావుందంటే నాకు రెండోదే అనిపిస్తోంది, ఈసారి మాత్రం 'అనిపిస్తోంది' దగ్గరే ఆగుతాను.

ఒకటి చూడండి. అవి నిజంగా పిలకలేనా, లేక రాలిన గింజ మొలిచిన మొక్కలా? పక్కన మట్టి కొంచెం తీసి చూస్తే పిలకైతే తల్లి మానుని అంటిపెట్టుకుని బయల్దేరి ఉంటుంది, గింజ మొక్కైతే దానికేమీ సంబంధం లేకుండా విడిగా ఊడి వస్తుంది. ఇంకో మాట, పిలక కనిపిస్తే అది కేనరీ కాదని తేలుతుంది గానీ పిలక లేనంత మాత్రాన కేనరీ అని తేలదు. మొక్క అందంగా కనిపించాలని అమ్మేవాళ్లు పిలకలు ముందే కోసేస్తారు, వయసు మళ్లిన ఖర్జూరం తనంతట తనే పిలకలు పెట్టడం మానేస్తుంది.

ప్రశ్న: ఆరేళ్ల కిందట గేటు పక్కన నాటిన చెట్టు. నర్సరీ చీటీ మీద కేనరీ డేట్ పామ్ అని ఉంది. చూసినవాళ్లలో సగం మంది ఈతచెట్టు అంటారు, మిగతా సగం ఖర్జూరం అంటారు. ఇంకా పూత రాలేదు. ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ముందు ఆ చీటీని మర్చిపోండి. నేనూ ఒకసారి 'సిల్వర్ డేట్' అని చీటీ ఉన్న మొక్క తెచ్చుకుని నాలుగేళ్లు ఆ పేరుతోనే అందరికీ చూపించాను. సిల్వర్ డేట్ అంటే వ్యాపారంలో మన ఈతచెట్టే, ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్ (ఫీనిక్స్ అంటే ఖర్జూరాల ప్రజాతికి శాస్త్రీయ నామం). తీరా అది పెరిగి పెద్దదయ్యాక చూస్తే కేనరీ. తప్పు నర్సరీదే కావచ్చు, కానీ నాలుగేళ్లు ఆకుని ఒక్కసారైనా తిప్పి చూడని తప్పు నాది.

మీ ముగ్గురు అనుమానితులు ఇవి: కేనరీ ఖర్జూరం, అంటే ఫీనిక్స్ కెనరియెన్సిస్, ఈత, అసలు ఖర్జూరం అంటే ఫీనిక్స్ డాక్టిలిఫెరా. అందరూ రంగుతో మొదలుపెడతారు, కేనరీ పచ్చగా, మిగతా రెండూ బూడిద కలిసిన పచ్చగా ఉంటాయని. మాట నిజమేగానీ రంగు ఆకు మీద ఉండే మైనపు పూత వల్ల వస్తుంది, నీడలో పెరిగిన మొక్కకి అది తక్కువ, లేతాకుకి ఒకలా ముదురాకుకి ఒకలా ఉంటుంది, పైగా దుమ్ము పట్టిన కేనరీ దూరం నుంచి అచ్చం ఈతచెట్టులాగే కనిపిస్తుంది. అందుకే రంగుని నేను చివర్లో అడుగుతాను.

మొదట చెయ్యాల్సింది, ఒక ముదురు మట్టని పట్టుకుని దాని మధ్య భాగం చూడటం. చేతికి గ్లవ్స్ వేసుకోండి. చిన్నాకులు మట్టకి రెండువైపులా దువ్వెన పళ్లలాగా ఒకే వరసలో, దగ్గరదగ్గరగా, ఒకే వాలులో ఉన్నాయా? అయితే కేనరీ వైపు మొగ్గు. అలా కాకుండా రెండు మూడు కలిసి ఒకే చోట నుంచి బయల్దేరి ఒకటి పైకి, ఒకటి పక్కకి, ఒకటి కిందకి తిరిగి, కోడి ఈకలు నిక్కబొడుచుకున్నట్టు గజిబిజిగా ఉన్నాయా? అయితే ఈత. మట్టని కొసవైపు నుంచి, కన్ను దగ్గరగా పెట్టి, పొడవునా చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది, కేనరీ మట్ట విచ్చుకున్న పుస్తకంలా రెండే అంచులుగా కనిపిస్తుంది, ఈత మట్ట సీసాలు కడిగే బ్రష్‌లా కనిపిస్తుంది. అసలు ఖర్జూరం ఈ విషయంలో మధ్యస్తం. మొదలువైపు కొంచెం గజిబిజి, కొసవైపు కాస్త క్రమం, మొత్తం మీద చిన్నాకులు చాలా బిరుసు, మట్ట కర్రలా నిటారుగా పైకి లేస్తుంది.

తర్వాత గుబురు. ఖర్జూరం తల పలచన, కింద నిలబడి చూస్తే మట్టల మధ్య ఆకాశం కనిపిస్తుంది. ఈత తల గుండ్రంగా, చిక్కగా ఉంటుంది గానీ మట్టలు 3 మీటర్లకి కాస్త అటూ ఇటూ. కేనరీ మట్టలు 5, 6 మీటర్లు పోతాయి, అవి కూడా వందకి పైన ఉంటాయి కాబట్టి చెట్టు కింద నిలబడితే గొడుగు కింద నిలబడ్డట్టే.

మాను లావు బలమైన గుర్తే, కానీ ఆరేళ్ల చెట్టుకి దాన్ని వాడటంలో ఒక మెలిక ఉంది. వేపా మామిడీ ఏటేటా లావయినట్టు ఇవి లావవ్వవు, ఆ ఏర్పాటు తాటి కుటుంబానికి లేదు. కేనరీ ఏం చేస్తుందంటే ముందు కొన్నేళ్లు నేలమట్టంలోనే కూర్చుని మొదలుని వెడల్పు చేసుకుంటుంది, తర్వాతే ఎత్తు మొదలుపెడుతుంది. అందుకని చాలామంది "ఎన్నేళ్లయినా ఎదగట్లేదు" అని టెన్షన్ పడతారు. మీ చెట్టు ఆరేళ్లకి కూడా పొట్టిగా, పెద్ద అనాసపండులా కూర్చుని ఉంటే అది కేనరీకి అనుకూలమైన సాక్ష్యం. పెరిగాక దాని మాను అడ్డకొలత 60 నుంచి 90 సెంటీమీటర్లు ఉంటుంది, ఖర్జూరం, ఈత మాన్లు సుమారు 30, 40 దగ్గర ఆగిపోతాయి. మట్టలు రాలిన మచ్చలు కూడా చూడొచ్చు. కేనరీకి అవి ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న పెద్ద పెద్ద వజ్రాకారాలు. కాకపోతే మానుని గీకి, చెక్కి నునుపు చేసిన చెట్టు మీద ఈ గుర్తు పనికిరాదు.

పూత వచ్చి, అది ఆడ చెట్టైతే పని తేలిక. ఖర్జూరం కాయ వేలంత ఉంటుంది, 4 నుంచి 7 సెంటీమీటర్లు. డాక్టిలిఫెరా అన్న పేరుకి అర్థమే వేళ్లు కాసేది అని. కేనరీ కాయ 2 సెంటీమీటర్లు, ఈతకాయ దానికంటే కాస్త పెద్దది. గింజ కూడా చూడండి, ఖర్జూరం గింజ సన్నగా పొడుగ్గా ఉంటుంది, కేనరీ గింజ పొట్టిగా, రెండు కొసలూ గుండ్రంగా ఉంటుంది.

ఇంత తిప్పలు పడి పేరు తెలుసుకుని ఏం చేస్తాం అంటారా. ఫ్యుజేరియం విల్ట్ అని ఒక తెగులుంది, దాన్ని కలిగించే శిలీంధ్రంలో ఒక ప్రత్యేక రకం ముఖ్యంగా కేనరీని పట్టి చంపుతుంది, దానికి మందు లేదు. కింది మట్టలతో మొదలవుతుంది, ఒక్కో మట్టలో ముందు ఒకవైపు చిన్నాకులే ఎండుతాయి, రెండోవైపు పచ్చగానే ఉంటాయి. అది ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి ఎక్కువగా రంపం మీద ప్రయాణం చేస్తుంది. మీది కేనరీ అని తేలితే మట్టలు కొట్టడానికి వచ్చినవాళ్ల రంపం ముందు శుభ్రంగా కడిగి, క్రిమిసంహారకంలో ముంచనిదే చెట్టు మీద పెట్టనివ్వకండి.

ప్రశ్న: మా కుండీలోది పొట్టి ఖర్జూరం అనుకుని పెంచుతున్నాను. మా చెల్లెలు అది సైకస్ అంటోంది. మొదట్లో ముళ్లు కూడా ఉన్నాయి కదా, ఖర్జూరమే కదండీ?

జవాబు: ముళ్లని నమ్మితే మోసపోతారమ్మా, సైకస్‌కి కూడా ఆకు కాడ మొదట్లో చిన్న ముళ్లుంటాయి. కొత్తాకు ఎలా వస్తుందో చూడండి. ఖర్జూరం జాతులకి మొవ్వులోంచి ఒక్కో మట్ట ఈటెలా మూసుకుని పైకి వచ్చి తర్వాత విచ్చుకుంటుంది. సైకస్‌కి ఒకేసారి ఒక వలయం మొత్తం ఆకులు లేస్తాయి, లేతప్పుడు వాటి చిన్నాకులు గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉంటాయి. అది చూస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, మీ చెల్లెలే గెలిచినట్టు. సైకస్ అసలు తాటి కుటుంబమే కాదు, దానికి పూలుండవు.

కొత్తాకు వచ్చేదాకా ఆగలేకపోతే ఒక చిన్నాకుని అది మట్టకి అతుక్కున్న చోట చూడండి. ఖర్జూరం ప్రజాతి మొత్తానికీ అక్కడ చిన్నాకు దోసిలిలా పైకి తెరుచుకుని మడిచి ఉంటుంది, నీటిచుక్క వేస్తే ఆ గాడిలో నిలుస్తుంది. కొబ్బరాకు తీసుకోండి, అదే మడత బోర్లించి ఉంటుంది, నీళ్లు రెండువైపులా జారిపోతాయి. ఈకలాంటి మట్టలున్న చెట్లలో దాదాపు అన్నీ కొబ్బరి బాపతే. దోసిలి మడత ఉన్నవి కొద్ది, వాటిలో జీలుగు చెట్టు ఒకటి, కానీ దాని ఆకు చేపతోకలా ఉంటుంది, ముల్లుండదు. కాబట్టి దోసిలి మడతా, మట్ట మొదట్లో చిన్నాకులే మారి ముళ్లయిన వరసా, రెండూ కలిసి ఉంటే అది ఫీనిక్సే. ఆ ముళ్లు బెరడు మీద పుట్టినవి కావు, చిన్నాకులే గట్టిపడి ముళ్లయ్యాయి. ఒక మట్టని కొస నుంచి మొదలుదాకా చూసుకుంటూ వస్తే ఆకు పొట్టిదై, బిరుసై, చివరికి సూదిగా మారడం మధ్యలో ఎక్కడో మీ కళ్లముందే కనిపిస్తుంది. నాకైతే ఈ మొక్కల్లో అన్నిటికన్నా ముచ్చటైన విషయం ఇదే. సైకస్ చిన్నాకుకి ఆ మడతే ఉండదు, నడుమ ఒకే ఈనె ఉంటుంది.

ప్రశ్న: పిగ్మీ డేట్ పామ్ అని తెచ్చాను, ఒకే కుండీలో మూడు మాన్లున్నాయి. పుస్తకంలో పిగ్మీది ఒంటి మాను అని ఉంది. అయితే నాది గుంపుగా పెరిగే ఇంకేదో జాతా?

జవాబు: జాతి అదే అయ్యుంటుంది, మొక్కలే మూడు. ఫీనిక్స్ రోబెలీనైని కుండీ నిండుగా కనిపించాలని మూడు నాలుగు గింజ మొక్కలు కలిపి నాటి అమ్మడం మామూలు. పైమట్టి రెండు వేళ్ల లోతు తీసి చూడండి, మూడు మాన్లూ దేనికది వేళ్లలోకి దిగుతాయి.

జాతి నిర్ధారణకి రెండు గుర్తులు చాలు. ఆకు మెత్తగా, సన్నగా, వంగి ఉంటుంది, చెయ్యి పెడితే మిగతా ఫీనిక్సుల్లా పొడవదు, చిన్నాకు అడుగున నడి ఈనె వెంట తెల్లటి పొట్టులాంటిది అంటుకుని ఉంటుంది. మాను మీద రాలిన మట్టల మొదళ్లు మేకులు కొట్టినట్టు పొడుచుకుని ఉంటాయి. ఇది లావోస్, వియత్నాం, దక్షిణ చైనాల్లో నది ఒడ్డున పెరిగే జాతి, వరదొస్తే మునిగి లేచే రకం, అందుకే కుండీ ఎండితే మిగతా ఖర్జూరాలకంటే ముందు అలుగుతుంది.

ప్రశ్న: మా చెట్టు కింది మట్టల అంచులు నిమ్మపండు రంగులో, మధ్యలో మాత్రం పచ్చగా ఉంటాయి. చాలా అందంగా ఉంది. ఇది ఏదైనా అరుదైన రెండు రంగుల రకమా?

జవాబు: కాదండి, మెగ్నీషియం లోపం. ముదురు మట్టలకే వచ్చి లేతవి బాగుంటే అదే. నిజంగా రెండు రంగుల మొక్కైతే మొవ్వులోంచి వచ్చేటప్పుడే రంగు చారలతో వస్తుంది. మెగ్నీషియం ఎరువు వేస్తే కొత్త మట్టలు బాగా వస్తాయి, పసుపెక్కినవి మాత్రం మళ్లీ పచ్చబడవు. అలాగని వాటిని కొట్టేయకండి, చెట్టు తనకి చాలని మెగ్నీషియాన్ని వాటిలోంచే లాక్కుంటోంది. అవి పోతే పై వరస పసుపెక్కుతుంది.

ప్రశ్న: బొటానికల్ గార్డెన్‌లో రూపికోలా అని బోర్డున్న ఖర్జూరం జాతి చెట్టు కింద గింజలు ఏరుకొచ్చి మొలిపించాను. ఇరవై మొక్కలు. వీటికి రూపికోలా అని పేరు రాసుకోవచ్చా? ఆకులు ఇంకా గడ్డిపోచల్లా ఉన్నాయి.

జవాబు: తల్లి రూపికోలా అని రాసుకోండి, తండ్రి పేరు దగ్గర ఖాళీ వదలండి. హాస్యం కాదు, ఉన్న సంగతి. ఈ ప్రజాతిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు, తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టు. పుప్పొడి గాలికి వస్తుంది, పురుగుల మీద కూడా వస్తుంది. జాతుల మధ్య అడ్డుగోడలు చాలా బలహీనం, దాదాపు ఏ రెండు జాతుల్ని పక్కపక్కన పెట్టినా కలుస్తాయి, పుట్టిన పిల్లలు కూడా గింజ పెడతాయి. అడవిలో ఒక్కో జాతి ఒక్కో చోట ఉండటం వల్ల విడివిడిగా మిగిలాయి గానీ బొటానికల్ గార్డెన్ అంటే వాటన్నిటినీ తెచ్చి ఒకే వీధిలో కాపురం పెట్టించిన చోటు. కేనరీ దీవుల్లోనే చూడండి, బయటి నుంచి తెచ్చి నాటిన ఖర్జూరాలు అక్కడి సొంత జాతితో కలిసిపోతున్నాయని, అసలు కేనరీ కల్తీ అయిపోతుందని శాస్త్రవేత్తలు బెంగపడుతున్నారు.

ఇప్పుడు ఆ మొక్కల్లో ఏమీ తెలియదు. ఫీనిక్స్ గింజ ఏదైనా మొదటి ఆకులు చీలికల్లేని పట్టీలే, ఏ జాతైనా ఒకేలా ఉంటాయి. చిన్నాకులు విడిపోయి నాలుగైదు పూర్తి మట్టలు వచ్చేదాకా ఆగండి. అసలు రూపికోలాని పోల్చడం కష్టం కాదు, అది హిమాలయాల తూర్పు వైపు కొండచరియల మీది జాతి, సిక్కిం, భూటాన్ ప్రాంతం. చిన్నాకులు మెత్తగా, బల్లపరుపుగా, కచ్చితంగా ఒకే వరసలో, దూరం నుంచి కొబ్బరి మొక్క అనిపించేలా వాలి ఉంటాయి, బూడిద ఛాయ ఉండదు. మీ ఇరవైలో కొన్ని అలా వచ్చి కొన్ని బిరుసుగా, గజిబిజిగా వస్తే తండ్రి ఎవరో కొంత ఊహించుకోవచ్చు. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే తేలదా అని అడుగుతారేమో. హరితరేణువుల డీఎన్ఏ ఒక్కటే చూస్తే తల్లి జాతే బయటపడుతుంది, అది మీకు ఆల్రెడీ తెలుసు. తండ్రి కావాలంటే కేంద్రకంలోని డీఎన్ఏ చూడాలి.

కచ్చితంగా ఫలానా చెట్టే కావాలనుకుంటే పిలక తెచ్చి నాటుకోవడమే దారి. పిలక తల్లికి నకలు. ఖర్జూరంలో పేరున్న రకాలన్నీ తరతరాలుగా అలా పిలకల మీద నడిచినవే. రూపికోలా మాత్రం పిలక పెట్టదు, మీకు ఆ దారి లేదు.

ప్రశ్న: ఫీనిక్స్‌లో మొత్తం ఎన్ని జాతులు? ఒక పుస్తకంలో 12, ఒకచోట 17, ఇంకోచోట 14 అని ఉంది. ఎవరిది నమ్మాలి?

జవాబు: 14ని నమ్మండి. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో అచ్చయిన తన పుస్తకంలో ఖర్జూరానికి ఫీనిక్స్ డాక్టిలిఫెరా అని పేరు పెట్టాడు, అదే పుస్తకంలో ఈతచెట్టుని మాత్రం ఎలాటే అనే వేరే ప్రజాతిలో పెట్టాడు, దాన్ని ఫీనిక్స్‌లోకి తెచ్చింది రాక్స్‌బర్గ్ అనే మరో వృక్షశాస్త్రవేత్త. ఆ తర్వాత ఎవరికి దొరికిన చెట్టుకి వాళ్లు పేర్లు పెట్టుకుంటూ పోయారు. 1890లో ఇటలీ వృక్షశాస్త్రవేత్త బెక్కారి ఒకసారి మొత్తం సర్దాడు. 1998లో సాషా బారో అనే వృక్షశాస్త్రవేత్త ఎండబెట్టి దాచిన నమూనాలన్నీ మళ్లీ తిరగేసి 13 జాతులని తేల్చింది, అందులో అండమాన్ జాతికి పేరు పెట్టింది ఆవిడే. కేప్ వెర్డె దీవుల్లో ఉండే అట్లాంటికా అప్పటికి సందేహంలో ఉంది, 2006లో డీఎన్ఏ ఆధారాలు అది వేరే జాతే అన్న వాదానికి బలమిచ్చాయి. అలా 14.

మీ పాత పుస్తకాల్లో ఎక్కువ కనిపించేవి చాలావరకు మారుపేర్లు. హ్యూమిలిస్ అని ఉంటే లౌరేరై అని చదువుకోండి, ఫారినిఫెరా, జెలానికా అని ఉంటే పుసిల్లా, స్పైనోసా అని ఉంటే రెక్లినేటా. మన మాటల్లోనూ ఇదే చిక్కు ఉంది, చిట్టీత అంటే ఒక జాతి అనుకుంటాం గానీ పొట్టిగా ఉన్న ఏ ఫీనిక్స్‌నైనా ఆ పేరుతోనే పిలుస్తాం. పొట్టివాటిలో అకాలిస్‌ని పోల్చడం తేలిక, దాని మాను నేలపైకి లేవదు, కాయల గుత్తి కూడా నేలకి ఆనుకునే ఉంటుంది. లౌరేరైకి కాయలు కాసేసరికి గుత్తి కాడ సాగి పైకి లేస్తుంది.

ప్రశ్న: గుంపుగా, మాన్లు తలా ఒకవైపు వాలి పెరిగిన చెట్టు ఉంది. ఏటా పూస్తుంది, ఒక్క కాయా రాదు. ఇది ఏ జాతి, ఏం లోపం?

జవాబు: లోపమేమీ లేదు, మగది. మగ పూగుత్తి గుబురుగా, చీపురు కట్టలా ఉంటుంది, మీగడ రంగు పూలు, దులిపితే పొడి రాలుతుంది. ఆడ పూలు చిన్న పూసల్లా గుండ్రంగా కాడకి అంటుకుని ఉంటాయి.

మగది కావడం మీకు ఒక రకంగా అదృష్టం. వాలిన మాన్ల గుంపంటే మొదటి అనుమానం ఆఫ్రికా జాతి రెక్లినేటా మీదే, రెక్లినేటా అంటేనే వాలినది అని. దాని మగ పువ్వుని పట్టుకుని భూతద్దంలో చూడండి, మూడు రేకులుంటాయి, కొసలు సూదిగా ఉండి అంచులు కొరికినట్టు గరుకుగా ఉంటే రెక్లినేటా. మిగతా జాతుల్లో చాలావాటికి రేకు కొస ఇంత వాడిగా ఉండదు. ఆకు మట్టుకే చూసి అయితే రెక్లినేటాని దాని సంకరాల నుంచి విడదీయడం నా వల్ల కాదు, నర్సరీల్లో ఆ పేరుతో తిరిగేవాటిలో చాలా సంకరాలే. గుంపుగా పెరిగేవాటిలో ఉప్పునీటి మడ అడవుల జాతి పాలుడోసా కూడా ఉంది గానీ దాని చిన్నాకు వెనక్కి తిప్పితే అడుగు బూడిదరంగులో ఉంటుంది, రెక్లినేటాకి రెండువైపులా పచ్చనే.

ప్రశ్న: మట్ట కొడుతుంటే ముల్లు వేలి కణుపులో దిగింది. పైకి తీసేశాను, కానీ రెండు వారాలైనా వాపు తగ్గలేదు.

జవాబు: ఈ కాలమ్ మూసేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఖర్జూరం ముల్లు కొస లోపల విరిగి ఉండిపోతే కీలు లోపలి పొర వాచి నెలల తరబడి బాధపెడుతుంది, ఎక్స్‌రేలో కూడా చాలాసార్లు కనపడదు. 'ఖర్జూరం ముల్లు' అని ఆయనకి ముందే చెప్పండి, లేకపోతే ఇంకేదో కీళ్లవాతం అనుకునే ప్రమాదం ఉంది. మిగతావాళ్లు మట్ట కొట్టేటప్పుడు కళ్లద్దాలు కూడా పెట్టుకోండి, కేనరీ ముల్లు మామూలు గ్లవ్స్‌ని లెక్కచేయదు.

ప్రశ్న: పేరు చెప్పమని ఫోటోలు పంపాలంటే ఏవి పంపాలి?

జవాబు: చెట్టు మొత్తం ఒక్కటి చాలు, అందరూ అదే పది పంపుతారు. నాకు కావాల్సినవి వేరు. గడ్డి తీసేసి నేల దగ్గర మాను మొదలు. ఒక ముదురు మట్ట పక్కనుంచి, మళ్లీ అదే కొసవైపు నుంచి పొడవునా. ముళ్లు మొదలయ్యే చోటు దగ్గరగా. ఒక చిన్నాకు పైవైపు, అడుగువైపు. పూత ఉంటే ఒక పువ్వు తెల్ల కాగితం మీద పెట్టి, కాయ ఉంటే గింజ కడిగి ఆరబెట్టి పక్కన స్కేలు పెట్టి తియ్యండి. చెట్టు నీడలో ఉందో ఎండలో ఉందో, పిలకలు ఎప్పుడైనా కోశారో లేదో ఒక ముక్క రాయండి. నర్సరీ చీటీ ఫోటో మాత్రం పంపకండి, చూస్తే నా కన్ను మళ్లీ దానివైపే పోతుంది.